మెకంజీ పేరులో ‘జీ’ ఎక్కడిది?

కైఫీయతుల (సర్వేయరు కాలిన్ మెకంజీ ఊరూరా రాయించిన స్థానిక చరిత్రల) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మన గుంపులో ఒక పక్క తగాదా మొదలవుతోంది, మెకంజీ అనాలా, మెకెంజీ అనాలా, మెకన్జీ అనాలా అని. మొన్న ఒకరు ‘మెకంజీ అనేది తెలుగువాళ్ళు పాడుచేసిన రూపం, ఇంగ్లీషువాడి పేరుని ఇంగ్లీషువాడిలాగే పలకాలి’ అని గట్టిగా రాశారు. అక్కడ కామెంట్లో చెప్పడానికి వీలుకాలేదు, అందుకే విడిగా రాస్తున్నాను. ఆయన ఇంగ్లీషువాడు కాదండీ. స్కాట్లండ్ మనిషి, అందులోనూ వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవి మనిషి, 1754లో ఆ దీవిలోని స్టోర్నోవే ఊళ్ళో పుట్టాడు. ఇక ఇంగ్లీషులో జెడ్ అక్షరంతో పలికే ఆ శబ్దం, అది అసలు ఆ ఇంటిపేరుది కానే కాదు. అచ్చుయంత్రాల కాలంలో వచ్చి చేరింది.

అసలు పేరు గేలిక్ భాషది. స్కాట్లండ్ ఉత్తర కొండల్లో, పడమటి దీవుల్లో మాట్లాడే భాష అది, ఇంగ్లీషుకి దానికి దగ్గర చుట్టరికం లేదు. గేలిక్‌లో ‘మాక్’ అంటే కొడుకు. ‘కొఞఖ్’ అనేది మగవాళ్ళకి పెట్టే పేరు, అందగాడు అనే అర్థం చెప్తారు. ఈ పేరున్న పాతకాలపు ఐరిష్ సన్యాసి ఒకాయన ఉన్నాడు, ఐర్లండ్‌లో కిల్కెనీ అనే ఊరి పేరుకి ‘ఆ కొఞఖ్ గారి గుడి’ అనే అర్థం. కాబట్టి ఇంటిపేరు గేలిక్ నోట దాదాపు ‘మఖ్‌కొఞిఖ్’ అని వస్తుంది, అంటే కొఞఖ్ కొడుకు. ఇంగ్లీషులో కెనెత్ అని రాసేది ఈ పేరునే. చిక్కేమిటంటే ఇంకో పాత గేలిక్ పేరు, కినాయెద్ లాంటిది, దాన్ని కూడా ఇంగ్లీషువాళ్ళు కెనెత్ అనే రాసేశారు. 9వ శతాబ్దపు స్కాట్ల రాజు కెనెత్ మకాల్పిన్ ఆ రెండో కోవకి చెందినవాడు. అందుకని ‘మెకంజీలు ఆ రాజు వంశం’ అని ఎక్కడైనా కనిపిస్తే పేరు పోలికని చూసి నమ్మకండి.

ఇక్కడ నేను ఞ వాడాను చూడండి, కావాలనే వాడాను. అంగిలికి నాలుక ఆనించి పలికే ఆ అనునాసికం ఆ పేరులో నిజంగా ఉంది. రోమన్ లిపిలో దానికి విడి అక్షరం లేదు. దక్షిణ స్కాట్లండ్‌లో ఇంగ్లీషుకి చెల్లెలి వరసయ్యే స్కాట్స్ భాష ఉంది కదా, కోర్టు కాగితాలూ భూమి దస్తావేజులూ అందులోనే రాసేవారు. ఆ గుమాస్తాలు ఞ శబ్దం కోసం ఎన్ పక్కన ‘యోఖ్’ అనే అక్షరం పెట్టేవారు. యోఖ్ చూడ్డానికి 3 అంకెలా, తోక కిందకి దిగి ఉంటుంది, విలువ మాత్రం మన య లాంటిది. చేత్తో రాసినంత కాలం ఇబ్బంది లేదు. అచ్చు వచ్చాక ముద్రాపకుల దగ్గర యోఖ్ అచ్చు లేదు, తోకున్న జెడ్ దానిలాగే కనిపిస్తుంది, సరే అని అది పెట్టేశారు. మొదట్లో చదివేవాళ్ళకి అది య అని తెలుసు, తరవాతి తరాలకి తెలియదు, కంటికి కనిపించిన జెడ్‌నే పలికారు. 18వ శతాబ్దిలో కూడా స్కాట్లండ్‌లో చాలామంది ఈ పేరుని ‘మకింగీ’ అనేవారు.

ఇది ఈ ఒక్క పేరు సంగతే కాదు, ఒక కుటుంబంగా చూస్తేనే అసలు విషయం అర్థమవుతుంది. మెంజీస్ అని రాసే ఇంటిపేరుని స్కాట్లండ్‌లో ఇప్పటికీ ‘మింగిస్’ అనేవాళ్ళున్నారు. అదే పేరున్న ఆస్ట్రేలియా ప్రధాని రాబర్ట్ మెంజీస్ మాత్రం జెడ్‌తోనే ప్రసిద్ధుడు. డాల్జీల్ అని కనిపించే పేరు పలకడానికి ‘డీయెల్’. కల్జీన్ అని కనిపించే కోట పేరు ‘కలేన్’. వీటన్నిటిలోనూ జెడ్ కూర్చున్న చోట ఒకప్పుడు యోఖ్ ఉండేది. కొన్ని పేర్లు పాత పలుకుని కాపాడుకున్నాయి, మెకంజీ కాపాడుకోలేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన చ వర్గంలో చ ఛ జ ఝ ఞ వరసగా ఉన్నాయి, అన్నీ తాలవ్యాలే. తెలుగులో ఇ ఈ ఎ ఏ ముందు జ ఎప్పుడూ తాలవ్యమే, దంత్య జ అక్కడ రాదు (జాలి, జోరు అన్నప్పుడు వచ్చేది దంత్యం). అందుకని ఇంగ్లీషువాడి జెడ్‌ని తెలుగు నోరు ‘జీ’ అనేసరికి ఆ శబ్దం పళ్ళ దగ్గర నుంచి మళ్ళీ అంగిలి దగ్గరికి వచ్చేసింది, అంటే గేలిక్ శబ్దం పుట్టిన చోటికే. ఎవరూ అనుకుని చేసింది కాదు, తెలుగు ధ్వనుల పద్ధతి అలా తీసుకెళ్ళింది. పాడుచేసిన రూపం అన్నాయన ఇది చదివి ఏమంటారో వినాలని ఉంది.

ఇక ఈ ఇంటిపేరు ఎక్కడెక్కడ ఉంది అనేది. స్కాట్లండ్ పటంలో ఉత్తర భాగాన పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రం దాకా అడ్డంగా పరుచుకున్న రాస్ ప్రాంతం వీళ్ళ గడ్డ. మొదట కనిపించేది పడమటి తీరాన కింటెయిల్‌లో, అక్కడ నీళ్ళ మధ్య ఉన్న ఐలీన్ డోనన్ కోట వీళ్ళ చేతిలో ఉండేది. అక్కడ నుంచి తూర్పుకి జరుగుతూ మంచి పంట భూములున్న డింగ్వాల్ వైపు వచ్చారు, బ్రాహన్ కోట, లియోడ్ కోట అక్కడివే. 1610 ప్రాంతంలో లూయిస్ దీవి కూడా వీళ్ళ నాయకుడికి దక్కింది. అంతకు ముందు ఆ దీవి మక్లౌడ్‌లది. మధ్యలో ఫైఫ్ ప్రాంతపు పెట్టుబడిదారులు అక్కడ వలస కాలనీ పెట్టబోయి స్థానికుల ఎదిరింపుకి నిలవలేక హక్కులు అమ్ముకుని పోయారు. 1623లో మెకంజీ నాయకుడికి ‘సీఫోర్త్ ఎర్ల్’ బిరుదు వచ్చింది, సీఫోర్త్ అనేది ఆ దీవిలోకి చొచ్చుకొచ్చిన ఒక సముద్రపు పాయ పేరు. కాబట్టి మన కాలిన్ మెకంజీ స్టోర్నోవేలో పుట్టడానికి వెనక ఆ 1610 నాటి భూమి బేరం ఉంది. ఆయన అక్కడ కస్టమ్స్‌లో పనిచేసి, 1783లో మద్రాసు వచ్చి, ఏలూరుకి చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లాంటి పండితుల సాయంతో ఊరూరా చరిత్రలు రాయించిన సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. బొర్రయ్య 1803లోనే పోయారు, ఆ వయసులో ఆయన పోకుండా ఉంటే మనకి ఇంకెంత దక్కేదో. కాలిన్‌కి మన భాషలు రావు, ఆ రాశి మొత్తం కావలి సోదరుల వల్లా వాళ్ళ సహాయకుల వల్లా తయారైంది. పేరు మాత్రం ‘మెకంజీ’ కైఫీయతులుగా నిలిచింది. ఈ మాట నేను ఎక్కడ అవకాశం వచ్చినా చెప్తూనే ఉంటాను.

నెల్లూరు నుంచి ఒక సభ్యుడు: బాగుంది మాస్టారూ. ఒక్క సందేహం. మెకంజీలందరూ ఒకే రక్తమా? మన ఇంటిపేర్లలాగా ఒకే మూలపురుషుడా?

జవాబు: కాదు బాబూ. అక్కడ వంశం అంటే ఒక నాయకుడి కింద ఉన్న జనం అని కూడా. కొండప్రాంతాల్లో సామాన్యులకి స్థిరమైన ఇంటిపేర్లు చాలా ఆలస్యంగా, 17, 18 శతాబ్దుల్లో కుదురుకున్నాయి. అంతవరకూ ఫలానావాడి కొడుకు ఫలానావాడు అని తరానికో మార్పు. పేరు రాసుకోవాల్సి వచ్చినప్పుడు చాలామంది రైతులు తాము ఎవరి భూమిలో ఉన్నారో ఆ నాయకుడి పేరు పెట్టేసుకున్నారు. రక్షణ దొరుకుతుంది, కౌలు నిలుస్తుంది. అందుకే ఆ పేరు పటం మీద భూస్వామ్యాన్ని అనుసరించి పరుచుకుంది. నాయకుల కుటుంబం తమకి ఐర్లండ్ ఫిట్జెరాల్డ్ ప్రభువుల రక్తం ఉందని 17వ శతాబ్దిలో వంశచరిత్రలు రాయించుకుంది, దాన్ని ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకోరు.

ఇంకో ముచ్చట. లూయిస్‌లో మక్లౌడ్, మక్డొనాల్డ్, మెకంజీ, మోరిసన్ లాంటి కొద్ది పేర్లతోనే ఊళ్ళకి ఊళ్ళు నిండిపోతే ఇంటిపేరుతో మనిషిని గుర్తుపట్టడం ఎలా? అందుకని ఊళ్ళో ఇంటిపేరు ఎవరూ వాడరు. మనిషి, తండ్రి, తాత అని వరస కలిపి చెప్తారు, దాన్ని ‘స్లోన్యగ్’ అంటారు, లేదంటే మారుపేరు. ఇంటిపేరు రికార్డుల కోసం.

టొరంటో నుంచి ఒక సభ్యురాలు: మా పాప క్లాసులో మెకెంజీ అనే పేరున్న అమ్మాయిలున్నారు. ‘కొడుకు’ అని అర్థం వచ్చే పేరు ఆడపిల్లలకి ఎలా వచ్చిందండీ?

జవాబు: అమ్మా, మీరున్న దేశంలో ఆ పేరు బరువు వేరు. అది ఇంటిపేరు స్థాయి దాటి దేశం పేర్లలో కలిసిపోయింది. 1773లో హెక్టర్ అనే ఓడ స్కాట్లండ్‌లోని లాక్ బ్రూమ్ నుంచి సుమారు రెండువందల మంది కొండప్రాంతపు జనాన్ని నోవా స్కోషియాలోని పిక్టూకి తీసుకెళ్ళింది, ఆ లాక్ బ్రూమ్ మెకంజీల ప్రాంతమే. మీ దేశపు అతి పొడవైన నది మెకంజీ పేరు అలెగ్జాండర్ మెకంజీది, 1789లో ఆయన ఆ నది వెంట ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్ళాడు, 1793లో నేల మీదుగా పసిఫిక్ చేరాడు. ఆయన ఎక్కడ పుట్టాడో తెలుసా? స్టోర్నోవేలోనే, 1764లో. కాలిన్‌కి పదేళ్ళు చిన్న. ఒకే చిన్న రేవు ఊరి నుంచి ఒకాయన మన అమరావతికీ శ్రీశైలానికీ కొలతలు తీసుకునేందుకు వస్తే, ఇంకొకాయన ఉత్తర ధ్రువం వైపు వెళ్ళాడు. ఇది నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

మీ ఊరి మొదటి మేయరు (1834) విలియం లయన్ మెకంజీ డండీలో పుట్టాడు, మూడేళ్ళకే ప్రభుత్వం మీద తిరుగుబాటు నడిపాడు. ఆయన కూతురి కొడుకు మెకంజీ కింగ్ ఇరవై ఒక్కేళ్ళకి పైగా ప్రధానిగా ఉన్నాడు, యాభై డాలర్ల నోటు మీద బొమ్మ ఆయనదే. ఇలా తాత ఇంటిపేరు మనవడి మధ్యపేరయింది, అదే క్రమంలో అలాంటి ఇంటిపేర్లు ఉత్తర అమెరికాలో మొదటి పేర్లుగా, ముందు మగపిల్లలకీ తరవాత ఎక్కువగా ఆడపిల్లలకీ వచ్చాయి. గేలిక్ మాట్లాడే కుటుంబంలో అయితే ఆడమనిషి ఇంటిపేరు ‘మాక్’తో ఉండదు. అక్కడ ‘నిక్’ వాడతారు, ఫలానా ఇంటి కూతురు అని. అన్న మఖ్‌కొఞిఖ్ అయితే చెల్లెలు నిక్‌కొఞిఖ్. ఇంగ్లీషు రికార్డులోకి రాగానే ఇద్దరూ మెకంజీలైపోతారు. ఆ తేడా పోవడం నాకు మాత్రం నష్టంగానే అనిపిస్తుంది.

నెల్లూరు సభ్యుడే: మరి న్యూజిలాండ్‌లో కూడా మెకంజీ అని పెద్ద మైదానం ఉందటగా, అదీ ఏదైనా సర్వేయరు పేరేనా?

జవాబు: కాదు, గొర్రెల దొంగ పేరు! జేమ్స్ మెకంజీ అనే గేలిక్ కాపరి 1855లో వెయ్యి గొర్రెల మందతో పట్టుబడ్డాడు, తోలుకెళ్ళిన దారి అప్పటివరకూ తెల్లవాళ్ళకి తెలియని కొండల నడుమ మైదానంలోకి పోతుంది. మైదానానికి ఆయన పేరే పెట్టారు. మరుసటి ఏడు క్షమాభిక్ష కూడా వచ్చింది.

అదే దేశంలో ఇంకో మెకంజీని తప్పకుండా తెలుసుకోవాలి, భూముల మంత్రి జాన్ మెకంజీ. 1839లో రాస్‌లో పుట్టాడు. 1845లో గ్లెన్‌కాల్వీ లోయ రైతుల్ని గొర్రెల పెంపకం కోసం ఇళ్ళ నుంచి గెంటేస్తే వాళ్ళు క్రోయిక్ చర్చి స్మశానంలో గుడారాలు వేసుకుని తలదాచుకున్నారు, చర్చి కిటికీ అద్దం మీద వాళ్ళు గీసిన మాటలు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు ఆ దృశ్యం చూసిన జాన్ న్యూజిలాండ్ వెళ్ళి మంత్రి అయ్యాక, 1890లలో పెద్ద ఎస్టేట్లని ప్రభుత్వం చేత కొనిపించి చిన్న రైతులకి ముక్కలుగా పంచాడు. భూస్వామి పేరు పెట్టుకున్న కౌలు రైతుల బిడ్డ కదా. మెకంజీ అనే మాట వినగానే నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు. కాలిన్ రెండోవాడే.

విజయవాడ నుంచి ఒక పరిశోధక విద్యార్థి: నమస్తే అండీ. నేను పాత కేటలాగుల్లో వెతుకుతున్నాను. ‘మెక్’ అని రాస్తే ఐరిష్, ‘మాక్’ అని రాస్తే స్కాటిష్ అంటారు కదా, ఆ తేడా పట్టుకుని వడపోయొచ్చా?

జవాబు: వద్దమ్మా, ఆ తేడా నిజం కాదు. ఇంగ్లీషులో ఎమ్-సీ అనేది ఎమ్-ఏ-సీకి సంక్షిప్త రూపం మాత్రమే, మన పాత పత్రాల్లో గుమాస్తాలు మాటలు కుదించినట్టు. పాత పుస్తకాల్లో ఎమ్ తరవాత తలకిందుల కామా పెట్టి కూడా రాశారు, అది వెతుకులాటలో అసలు దొరకదు. కెన్, జెడ్ తరవాత కొన్నిచోట్ల ఐ, కొన్నిచోట్ల ఐ-ఈ, కొన్నిచోట్ల వై ఉంటుంది. ‘కె’ పెద్ద అక్షరమా చిన్నదా అనేదీ మారుతుంది. అన్ని రూపాలతోనూ విడివిడిగా వెతుకు. తెలుగు కేటలాగుల్లో మెకంజీ, మెకెంజీ, మెకన్జీ, మెకంజి, మెకింజీ వేసి చూడు. కావలివారి పేర్లతో కూడా వెతుకు, బొర్రయ్య, బొరయ్య, లక్ష్మయ్య, రామస్వామి అని. కొన్ని పత్రాలు ఆ పేర్ల కిందే దొరుకుతాయి.