వెంపలి చెట్టా, వెంపటి చెట్టా?

ప్రశ్న, కదిరి నుంచి

మా నాయనమ్మ, పిల్లలు ఎదగలేదని బెంగపడినప్పుడల్లా, "వెంపటి చెట్లకు నిచ్చెనలు వేసే కాలం వస్తుందన్నారు, వచ్చినట్టే ఉంది" అనేది. వీరబ్రహ్మం గారి కాలజ్ఞానంలోని మాట అని మా వైపు అందరూ చెప్పుకుంటారు. ఆమె నోట నేను విన్నది 'వెంపటి' అనే నా గుర్తు. మా అన్న మాత్రం అది 'వెంపలి' అనీ, టకారం నేను కల్పించుకున్నదనీ అంటున్నాడు. చివర 'వేసే కాలం' అని ఉండాలా, 'వేసే మనుషులు పుడతారు' అని ఉండాలా అన్నది కూడా నాకు స్పష్టంగా లేదు. పాఠం తెలిసిన పెద్దలు చెప్పగలరు.

వ్యాకరణాభిమాని, తెనాలి

మీ నాయనమ్మ గారి నోట తప్పు దొర్లలేదు. రోకలి రోకటి అవుతుంది, నాగలి నాగటి అవుతుంది, వాకిలి వాకిటి అవుతుంది. రోకటి పోటు, నాగటి చాలు, వాకిటి ముగ్గు అని సహజంగా అనే జాతి, వెంపలికి చెట్టు చేర్చేటప్పుడు 'వెంపటి చెట్టు' అనడంలో వింత ఏముంది? ఇది శుద్ధమైన ఔపవిభక్తికం, అంటే విభక్తి గాని మరో మాట గాని చేరేటప్పుడు పేరు చివర వచ్చే 'టి' వంటి మార్పు. రో-క-లి, వెం-ప-లి అని పక్కపక్కన పెట్టి పలికి చూడండి, రెండింటి నడకా ఒక్కటే. వెంపటి అన్న ఇంటిపేరు వెనుక కూడా ఈ మొక్కే ఉందని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, నంద్యాల

అయ్యా, పోలిక ముచ్చటగానే ఉంది కాని, మీరు చూపినవాటిలో ఒక్క చెట్టు పేరైనా లేదు. వావిలిని తీసుకోండి. అదీ మూడక్షరాల లికారాంతమే. వావిలాకు, వావిలి చెట్టు అంటున్నామే తప్ప వావిటి చెట్టు అన్నవారిని నా జీవితంలో వినలేదు. చెట్ల పేర్లలో టివర్ణం ఎక్కువగా కనిపించేది డుకారాంతాల దగ్గర: తంగేటి పువ్వు, జిల్లేటి పాలు, నేరేటి పండు. అంతెందుకు, కొడవలికి పిడి వేయించేటప్పుడు 'కొడవలి పిడి' అనే అంటాం కదా? మా వైపు రైతులు వరిమడిలో తొక్కడానికి తెచ్చే రొట్టను 'వెంపలాకు' అనే అంటారు. టకారం ఎక్కడా వినిపించదు.

వ్యాకరణాభిమాని, తెనాలి

అమ్మా, కొడవటిగంటి అన్న ఇంటిపేరు ఎక్కడిదనుకుంటున్నారు? నేటి వాడుకలో లేనంత మాత్రాన నిన్న లేదని ఎలా చెప్పగలం?

వృక్షశాస్త్రం బోధించినవాడు, అనంతపురం

లి, టి సంగతి మీరు తేల్చండి. చెట్టు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ మాట బలమంతా ఆ చెట్టు ఒడ్డూ పొడుగుల్లోనే ఉంది. వెంపలిని చెట్టు అనడం మన అలవాటు గాని, అది చిక్కుడు కుటుంబానికి చెందిన చిన్న గుబురు మొక్క. వాన తక్కువైన బీళ్లలో, గట్ల మీద, బాటల పక్కన సాధారణంగా 40 నుంచి 80 సెంటీమీటర్లు పెరుగుతుంది. మంచి నేల దొరికితే మీటరు దాటవచ్చు. అంటే మనిషికి మోకాలి నుంచి నడుము దాకా వస్తుంది. పైకి అంతే ఉన్నా తల్లివేరు లోతుకు దిగుతుంది, వేర్ల మీది బొడిపెల్లో నత్రజనిని నిలుపుతుంది. రొట్టగా మడిలో తొక్కితే నేలకు సత్తువ వచ్చేది అందుకే. లిన్నేయస్ 1753లో దీనికి క్రాక్కా పర్పూరియా అని పేరు పెట్టగా, పెర్సూన్ 1807లో టెఫ్రోసియా ప్రజాతిలోకి మార్చాడు. టెఫ్రోస్ అంటే గ్రీకులో బూడిద రంగు. ఆకుల మీది సన్నని నూగు వల్ల మొక్క బూడిద పూసుకున్నట్టు కనిపిస్తుంది.

ఒక చిరుఆకు కొసను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి చూడండి. అడ్డంగా తెగదు, పక్క ఈనెలు ఒకదాని వెంట ఒకటి దగ్గరదగ్గరగా, సమాంతరంగా ఏటవాలుగా ఉండటం వల్ల, ఆ ఈనెల వెంబడే చీలి, బాణపు ఆకారంలో ఊడి వస్తుంది. సంస్కృతంలో శరపుంఖ అన్న పేరు ఇందుకే వచ్చింది. శరపుంఖమంటే బాణపు మొన అని కొందరు రాస్తున్నారు, అది పొరపాటు. పుంఖం బాణానికి వెనుక, ఈకలు కట్టే కొస.

ఉపాధ్యాయురాలు, నంద్యాల

పుంఖం ప్రస్తావన తెచ్చినందుకు ధన్యవాదాలు. 'పుంఖానుపుంఖాలుగా' అన్న మాటలో ఉన్నది ఆ పుంఖమే కదా. ఒక బాణపు తోక వెంట మరో బాణం దూసుకువస్తున్నట్టు అని అర్థం. నిఘంటువుల్లో ఈ మొక్కకు ప్లీహశత్రువు అనీ, నీలీవృక్షాకృతి అనీ పేర్లున్నాయి. మొదటిది మందు గుణం వల్ల, రెండోది నీలిమందు మొక్కను పోలి ఉండటం వల్ల వచ్చినవి.

అనంతపురం

పోలిక నిజమే, పూయని మొక్కను చూసి నా విద్యార్థులు కూడా పొరబడేవారు. కాయ కాసిన తరువాత మాత్రం అనుమానం ఉండదు. నీలి కాయ గుండ్రని పుల్లలా ఉంటుంది. వెంపలి కాయ బల్లపరుపుగా, కొస కొద్దిగా వంగి, 3 నుంచి 5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది.

మరో సభ్యుడు, వరంగల్లు

నాకొక సందేహం. నిచ్చెన వేయవలసి రావడం మనుషులు కురచనవడం వల్లనా, వెంపలి తాడిచెట్టంత పెరగడం వల్లనా? లోకం తలకిందులవుతుందని చెప్పే మాటల్లో రెండోదే సరిపోతుందని నా అభిప్రాయం.

ఉపాధ్యాయురాలు, నంద్యాల

కాదు బాబూ. వరంగల్లు వారై ఉండి పోతనను మరిచిపోతే ఎలా? 'ఇంతింతై' అందరికీ వచ్చు గాని, నాకు దాని తోడి పద్యమైన 'రవిబింబం బుపమింప' మరింత ఇష్టం. వామనుడు పెరుగుతుంటే సూర్యుడు మొదట గొడుగవుతాడు, తరువాత శిరోరత్నం, చెవికి అలంకారం, మెడలో నగ, భుజకీర్తి, కంకణం, మొలగంట, కాలి అందె, చివరికి పాదపీఠం అవుతాడు. సూర్యుడు ఉన్నచోటనే ఉన్నాడు. కొలతబద్ద కదలకుండా ఉండటం వల్లనే వటువు పెరుగుదల మన కంటికి అందుతోంది. వెంపలి కూడా అటువంటి కదలని కొలతబద్దే. మనిషి తరిగిపోవడం తెలియాలంటే, ఏ బీడులో చూసినా అదే ఎత్తున ఉండే మొక్క కావాలి. వెంపలే పెరిగిపోతే ఆ మాటలోని భయమంతా పోతుంది.

వ్యాకరణాభిమాని, తెనాలి

పోతన దగ్గర నేను చేతులు జోడిస్తాను, కాని టివర్ణం సంగతి అలాగే ఉంది. పల్నాడులోగాని, ప్రకాశం మెట్టల్లోగాని పెద్దవాళ్లెవరైనా 'వెంపటాకు' అనగా విన్నవారుంటే దయచేసి రాయండి. ఒక్క సాక్ష్యం చాలు.

ప్రశ్న అడిగినవారు, కదిరి

ఈ ఉదయం మా చెరువు కట్ట మీదికి వెళ్లి ఆకు లాగి చూశాను. అనంతపురం వారు చెప్పినట్టే బాణపు తోకలా ఊడి వచ్చింది. మొక్క నా మోకాలికి బెత్తెడు పైన ఉంది. అక్కడ మేకలు కాస్తున్న ముసలాయనను దాని పేరు అడిగాను. ఆయన 'యెంపలి' అన్నాడు. చెట్టు చేర్చి చెప్పమంటే 'యెంపల్చెట్టు' అన్నాడు, ఆ మధ్య అక్షరం లకారమని మాత్రం నా చెవికి అందింది. మా నాయనమ్మది కదిరి కాదు, పులివెందుల వైపు. అక్కడివారు ఎవరైనా ఉన్నారా?