పొరుగు దేశాల యాంటీబయోటిక్ నిరోధకత లెక్కలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవు? ఉమ్మడి ఒప్పందంలో ఏం రాయాలి?

ముసాయిదా_బల్ల:

సరిహద్దులు కలిసే నాలుగు దేశాల ప్రభుత్వాలు మందులకు లొంగని బ్యాక్టీరియా మీద కలిసి పనిచేయాలనుకుంటే ఒప్పందంలో ఏమేం ఉండాలి? ప్రకటనలకు కొదవ లేదు. 2011లో ఆగ్నేయాసియా ప్రాంత ఆరోగ్య మంత్రుల జైపూర్ ప్రకటన, 2017లో ఆసియాన్ నాయకుల ప్రకటన, 2016లోనూ 2024లోనూ ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో వచ్చినవి. "సమాచారం పంచుకుంటాం" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఏ సమాచారం, ఏ రూపంలో అన్నది తేలదు. ఒకే సూక్ష్మజీవికి, ఒకే మందుకు ఒక దేశం చూపే నిరోధకత శాతం పక్క దేశం శాతానికి రెట్టింపు ఉంటుంది. అది నిజంగా తేడానా, కొలతలో తేడానా? అనుబంధాల్లో రాయదగ్గ పాయింట్లు చెప్పండి. ల్యాబ్, మందుల వాడకం, పశువులు మూడూ కావాలి.

అగర్_ప్లేట్:

తేడాలో కొంత కొలతలోనే పుడుతుంది. ఒక్క ఉదాహరణ చాలు. ఈ.కోలై బ్యాక్టీరియా మీద సెఫోటాక్సిమ్ అనే యాంటీబయోటిక్ పరీక్ష తీసుకోండి. బ్యాక్టీరియా రుద్దిన అగర్ (జెల్లీలాంటి పోషక పదార్థం) ప్లేట్ మీద మందు నింపిన చిన్న కాగితపు బిళ్ల, అంటే డిస్క్, పెడతారు. దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయమే జోన్, దాని వ్యాసం కొలుస్తారు. యూరప్ పద్ధతి యూకాస్ట్‌లో డిస్క్‌లో మందు 5 మైక్రోగ్రాములు. అమెరికా పద్ధతి సీఎల్‌ఎస్‌ఐలో 30. జోన్ 20 మి.మీ. లేదా ఆపైన ఉంటే యూకాస్ట్ లెక్కలో మందుకు లొంగినట్టు. సీఎల్‌ఎస్‌ఐలో 26 లేదా ఆపైన ఉంటేనే లొంగినట్టు, 22 లేదా అంతకంటే తక్కువైతే నిరోధకత. ఇప్పుడు ఒక ల్యాబ్ 5 మైక్రోగ్రాముల డిస్క్ కొని, గోడకు అంటించిన పాత సీఎల్‌ఎస్‌ఐ పట్టికతో చదివిందనుకోండి. 21 మి.మీ. జోన్ వస్తే మందుకు లొంగే బ్యాక్టీరియా కాస్తా నిరోధకత ఖాతాలో పడిపోతుంది. ఏ కంపెనీ డిస్క్ తక్కువ ధరకు టెండర్‌లో నెగ్గితే అది వచ్చే చోట ఇది జరుగుతుంది.

దీన్ని పట్టేది కంట్రోల్ స్ట్రెయిన్, అంటే ఫలితం ఎంత రావాలో ముందే తెలిసిన బ్యాక్టీరియా రకం. ఏటీసీసీ 25922 అనే నంబరు గల ఈ.కోలైకి 5 మైక్రోగ్రాముల డిస్క్‌తో 25–31 మి.మీ., 30 మైక్రోగ్రాముల డిస్క్‌తో 29–35 మి.మీ. రావాలి. రెండు పరిధులూ 29–31 మధ్య కలుస్తాయి కాబట్టి ఒక్క రోజు రీడింగ్ చూసి డిస్క్ తప్పని తేల్చలేం, వరసగా 20 రోజుల రీడింగులు చూడాలి. ఆ రీడింగుల షీట్ కూడా పంచుకోవాలని ఒప్పందంలో రాయండి. శాతాలు మాత్రమే అడిగితే శాతాలే వస్తాయి.

ఇంకా ఏం తప్పుతుందంటే:

అగర్ మందం 4 మి.మీ. ఉండాలి. ప్లేట్ మందంగా పోస్తే జోన్ చిన్నదవుతుంది, లేని నిరోధకత కనబడుతుంది. బ్యాక్టీరియా ద్రావణం 0.5 మెక్‌ఫార్లండ్ (ద్రావణం చిక్కదనానికి కొలత) కంటే చిక్కగా ఉన్నా అదే గతి. కంటితో చూసి కలిపే ల్యాబ్‌లలో ఇది రోజూ జరిగేదే, చిక్కదనం కొలిచే డెన్సిటోమీటర్ ఒకటి కొనిస్తే చాలావరకు తీరుతుంది. యూకాస్ట్‌లో ఒక 15–15–15 నియమం ఉంది. ద్రావణం కలిపిన 15 నిమిషాల్లో ప్లేట్ మీద రుద్దాలి, రుద్దిన 15 నిమిషాల్లో డిస్కులు పెట్టాలి, డిస్కులు పెట్టిన 15 నిమిషాల్లో ఇంక్యుబేటర్‌లోకి చేరాలి.

కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌కు డిస్క్ పరీక్ష ఫలితం అసలు తీసుకోవద్దు. ఆ అణువు పెద్దది, అగర్‌లో సరిగా వ్యాపించదు. నమ్మదగ్గ దారి బ్రాత్ మైక్రోడైల్యూషన్, అంటే మందును ద్రవంలో వేర్వేరు గాఢతల్లో కలిపి చూడటం. అది చేయలేని ల్యాబ్ స్ట్రెయిన్‌ను రిఫరెన్స్ ల్యాబ్‌కు పంపాలి.

ఫలితాన్ని ఎస్ (లొంగుతుంది), ఐ (మధ్యలోది), ఆర్ (నిరోధకత) అని రాస్తారు. ఇందులో ‘ఐ’ వర్గం ఇంకో గుంట. 2019 నుంచి యూకాస్ట్‌లో ‘ఐ’ అంటే మోతాదు పెంచితే లొంగుతుంది అని అర్థం. దాన్ని ‘ఆర్’తో కలిపి "లొంగనివి" అని చూపే దేశం, విడిగా చూపే దేశం ఒకే పట్టికలో ఉంటే ఆ పట్టికను నమ్మలేం. అందుకే ఎస్, ఐ, ఆర్ అక్షరాలు కాకుండా మి.మీ.లు, ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస గాఢత) విలువలు పంచుకోమనండి. ఎంఐసీ అయితే తర్వాత ఏ పట్టికతోనైనా తిరిగి చదవొచ్చు. మి.మీ. అయితే డిస్క్‌లో ఎంత మందు ఉందో పక్కన రాసి ఉంటేనే పనికొస్తుంది. ల్యాబ్ ఫలితాలు నమోదు చేసే హూనెట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇవన్నీ అందులో నిల్వ ఉంటాయి.

రోగి_లెక్క:

అగర్_ప్లేట్ గారు చెప్పినదంతా ల్యాబ్ లోపలి సంగతి. శాంపిల్ ల్యాబ్‌కు రాకముందే పుట్టే తేడా అంతకంటే పెద్దది. రెండు మూడు యాంటీబయోటిక్‌లు వాడి, తగ్గకపోతేనే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) పంపే ఆసుపత్రిలో నిరోధకత శాతం ఎక్కువగా రాక ఏమవుతుంది? జ్వరంతో చేరిన ప్రతి రోగికీ మొదటి డోసుకు ముందే కల్చర్ తీసే ఆసుపత్రిలో తక్కువే వస్తుంది. రెండు చోట్లా బ్యాక్టీరియా ఒకటే కావచ్చు. కాబట్టి ఎంతమంది నుంచి శాంపిల్ తీశారు, వెయ్యి పడక రోజులకు ఎన్ని బ్లడ్ కల్చర్లు వచ్చాయి అన్న రెండు అంకెలు లేని శాతాన్ని ఉమ్మడి నివేదికలో ముద్రించకూడదని రాసుకోండి.

డూప్లికేట్లు తీసేయాలి. 2015లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లాస్ నిఘా వ్యవస్థలో ఒక రోగి, ఒక రకం శాంపిల్, ఒక సూక్ష్మజీవి, ఒక నిఘా కాలానికి ఒక్క ఫలితమే లెక్క. ఐసీయూలో నెల రోజులున్న ఒకే రోగి నుంచి వచ్చిన ఏడు క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాలు ఏడు కేసులు కావు. ఆసుపత్రిలో చేరి రెండు రోజులు దాటాక తీసిన శాంపిల్‌ను విడిగా చూపాలి. అది బయటి నుంచి తెచ్చుకున్నది కాదు, ఆసుపత్రిలో అంటుకున్నది కావచ్చు. ఏ మందుకైనా 30 కంటే తక్కువ ఐసొలేట్లు (శాంపిళ్ల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) ఉంటే శాతం వేయకండి, సంఖ్య మాత్రం ఇవ్వండి.

డీడీడీ_లెక్క:

వాడకం సంగతి. వెయ్యి జనాభాకు రోజుకు ఎన్ని డీడీడీలు అన్నది అందరూ వాడే కొలమానం. డీడీడీ అంటే ఒక మందుకు పెద్దవాళ్లకు రోజుకు సగటున వాడే మోతాదుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన అంకె. అందులో పడే గుంట చూపిస్తాను. నోటితో తీసుకునే అమాక్సిసిలిన్ డీడీడీ 2019లో 1 గ్రాము నుంచి 1.5 గ్రాములకు మారింది. 500 మి.గ్రా. క్యాప్సూళ్లు 21 అమ్మితే మొత్తం 10.5 గ్రాములు. పాత లెక్కలో 10.5 డీడీడీలు, కొత్త లెక్కలో 7. ఒక్క క్యాప్సూల్ కూడా తగ్గకుండానే వాడకం మూడో వంతు తగ్గినట్టు గ్రాఫ్ కిందికి దిగుతుంది. ఒక దేశం పాత ఫైల్‌తో, ఇంకో దేశం కొత్త ఫైల్‌తో లెక్కేస్తే ఎవరు బాగా తగ్గించారన్న చర్చ వృథా. డీడీడీ ఫైల్ ఏ సంవత్సరానిదో ఒప్పందంలోనే పేర్కొని, పాత ఏళ్ల లెక్కలన్నీ దానితోనే తిరిగి వేయాలి.

సరిహద్దు దేశాలకు ఇంకో తలనొప్పి ఉంది. హోల్‌సేల్ అమ్మకాలు సరిహద్దు పట్టణంలో నమోదవుతాయి, మాత్రలు మింగేది అవతలి ఊళ్లవాళ్లు. డాక్టరు చీటీ అక్కర్లేని దేశం వైపు కొనుగోళ్లు జారిపోతాయి. అందుకని సరిహద్దు జిల్లాల అమ్మకాలు విడిగా చూపించమనండి. చీటీ నియమం నాలుగు దేశాల్లోనూ ఒకే రోజు అమల్లోకి రాకపోతే కఠినంగా ఉన్న దేశంలో అమ్మకం మాత్రమే తగ్గుతుంది, వాడకం తగ్గదు.

లక్ష్యం రాయాలంటే 2024 ఐక్యరాజ్య సమితి ప్రకటనలోదే తీసుకోండి. 2030 నాటికి మనుషులకు వాడే యాంటీబయోటిక్‌లలో కనీసం 70 శాతం యాక్సెస్ జాబితా (ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట వాడమనే మందులు) లోవి కావాలన్నది అది. అయితే యాక్సెస్ మందులు షాపులో దొరకాలి కదా. పాత పెన్సిలిన్లు లాభం తక్కువని తయారీదార్లు వదిలేస్తుంటారు, అవి లేనప్పుడు డాక్టరు వాచ్ జాబితా (నిరోధకత ముప్పు ఎక్కువ కాబట్టి జాగ్రత్తగా వాడాల్సిన) మందు రాయక తప్పదు. చిన్న దేశం ఒంటరిగా పిలిచే టెండరుకు ఎవరూ రాకపోవచ్చు. నాలుగు దేశాల కొనుగోలు కలిపితే వస్తారు. అమెరికా ఖండాల్లో పాహో (అమెరికా ఖండాల ఆరోగ్య సంస్థ) వ్యూహాత్మక నిధి ఇలాగే మందులు కలిపి కొంటోంది. నా దృష్టిలో మొత్తం ఒప్పందంలో ప్రభుత్వాలకు వెంటనే లాభం కనిపించే అంశం ఇదొక్కటే, దీన్ని ముందు పెట్టండి.

పశువైద్య_ఫైల్:

పశువుల వైపు ఒక దేశం నిషేధం, పక్క దేశం సడలింపు అంటే దాణా ప్రీమిక్స్ (దాణాలో కలిపే మందుల మిశ్రమం) లారీల్లో దాటి వస్తుంది. కస్టమ్స్‌లో ఎక్కడ జారిపోతుందో చూడండి. ముడి యాంటీబయోటిక్ హెచ్‌ఎస్ కోడ్ (సరుకుల కస్టమ్స్ నంబరు) 2941, తయారైన మందులు 3003, 3004. దాణా మిశ్రమాలకు 2309. ప్రీమిక్స్ 2309 కింద వస్తే ఔషధ నియంత్రణ శాఖ దాన్ని చూడనే చూడదు. 2309 సరుకుకు లోపల ఏ యాంటీబయోటిక్, కిలోకు ఎన్ని మి.గ్రా. అన్న ప్రకటన తప్పనిసరి చేసి, కొన్ని సరుకులకు ర్యాండమ్‌గా ల్యాబ్ పరీక్ష పెట్టాలి.

యూరోపియన్ యూనియన్ ఇది అంచెలంచెలుగా చేసింది. 1997లో దాణాలో వేసే అవోపార్సిన్ అనే యాంటీబయోటిక్ ఆపారు, 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం వేసే యాంటీబయోటిక్‌లన్నీ ఆపారు, 2022 జనవరి 28 నుంచి మామూలుగా ముందు జాగ్రత్త పేరుతో మందకంతా వేయడం కూడా ఆపారు. ఆ వరస ఊరికే రాలేదు. ఎదుగుదల కోసం అన్న లేబుల్ ఒక్కటే నిషేధిస్తే అదే మందు అదే మోతాదులో ‘నివారణ’ లేబుల్‌తో తిరిగి వస్తుంది. రెండూ కలిపి రాసుకోండి. కొలిస్టిన్ ప్రత్యేకం. దానికి నిరోధకత ఇచ్చే ఎంసీఆర్-1 జన్యువు గురించి 2015 నవంబరులో చైనా నుంచి వెల్లడైంది. 2017లో చైనా ఎదుగుదల కోసం కొలిస్టిన్ వాడకం ఆపింది, 2019 జూలైలో భారత్ ఆహార జంతువులకు నిషేధించింది.

కొలమానం విషయంలోనూ జాగ్రత్త. యూరప్ పీసీయూలో (మందు లెక్కకు వాడే పశువుల మొత్తం బరువు) బ్రాయిలర్ కోడి 1 కిలో, మాంసం పంది 65 కిలోలు, పాడి ఆవు 425 కిలోలు అని మందు ఇచ్చే వేళ ఉండే బరువు ఊహించి లెక్కిస్తారు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ బయోమాస్ లెక్క వేరు. రెండు అంకెలూ కిలోకు మి.గ్రా.లే కాబట్టి ఒకటేనని పొరబడతారు.

ముసాయిదా_బల్ల:

చాలా ఉపయోగం. స్ట్రెయిన్లు సరిహద్దు దాటించడం, డబ్బు, ఈ రెండు మిగిలాయి. మొదటి ఏడాది ఎంత మోయగలం?

అగర్_ప్లేట్:

స్ట్రెయిన్లు చాలావరకు యూఎన్ 3373 (జీవ పదార్థాల రవాణా వర్గం) కింద మూడు పొరల ప్యాకింగ్‌తో వెళ్తాయి. కొన్ని సూక్ష్మజీవుల కల్చర్లకు మాత్రం నియమాలు ఇంకా కఠినం, జాబితా చూసుకోండి. ప్యాకింగ్ తేలిక, అనుమతులే కష్టం. నగోయా ప్రోటోకాల్ ప్రకారం జన్యు వనరుల అనుమతి అడిగే దేశంలో ప్రతి పెట్టెకూ కొత్త ఫైల్ కదలాలి. నాలుగు ప్రభుత్వాలూ ముందే సంతకం పెట్టిన బదిలీ ఒప్పందం నమూనా అనుబంధంగా ఉంటే ల్యాబ్ తేదీ, స్ట్రెయిన్ నంబరు నింపి పంపేస్తుంది.

డబ్బు కోసం దాతల మీద ఆధారపడకండి. ఎన్నో దేశాల ల్యాబ్‌లకు డిస్కులు, బ్యాక్టీరియా పెంచే మీడియా ఇప్పించిన ఫ్లెమింగ్ ఫండ్‌ను ఆపేస్తున్నట్టు 2025లో బ్రిటన్ చెప్పింది. యంత్రం ఎవరైనా కొనివ్వొచ్చు. డిస్కులు, అగర్, కంట్రోల్ స్ట్రెయిన్లు మాత్రం ప్రతి దేశం బడ్జెట్‌లో సొంత పద్దు కింద ఉండాలి.

మొదటి ఏడాది దేశానికి మూడు నాలుగు ల్యాబ్‌లు చాలు. రక్తం, మూత్రం శాంపిల్స్. ఈ.కోలై, క్లెబ్సియెల్లా. ఏడాదికి రెండుసార్లు అందరికీ ఒకే గుప్త స్ట్రెయిన్లు పంపి పరీక్షించండి. మొదటి రౌండ్ ఫలితాలు దేశం పేరుతో బయటపెట్టకండి, ల్యాబ్ కోడ్‌తో ఆయా ల్యాబ్‌కే ఇవ్వండి. పేరు బయటపడిందంటే రెండో రౌండ్‌కు ఆ దేశం తన మంచి ల్యాబ్ ఒక్కదాన్నే పంపుతుంది.