మాట ముందా, అడుగు ముందా? (నాటకాలోళ్ల గ్రూపులో చర్చ)

కొత్తవేషం: వచ్చే నెల శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో మా నాటిక. తండ్రి కుర్చీలోంచి లేచి, మూడడుగులేసి, గుమ్మం దగ్గర కొడుకుతో "ఇంక నువ్వెళ్లు" అనాలి. దర్శకుడు నడక అయ్యాకే అనమంటున్నారు. వేషధారి నడుస్తూనే అంటానంటున్నాడు. ఏది సరి?

సుద్దగీత: నడిచి, ఆగి అంటే మాట నిలబడుతుంది. అనేసి నడిస్తే నడక నిలబడుతుంది. నడుస్తూ అంటే రెండూ పలచన. పైగా వేలాడే మైకుల మధ్య సగం మాట ఎగిరిపోతుంది. ఇంకోటి, మొదటి అడుగు వెనకతెర వైపు కాలుదే. ప్రేక్షకుల వైపు కాలు ముందు పడితే ఒళ్లు లోపలికి తిరిగిపోతుంది.

గజ్జెలు: కోపంలో ఉన్న తండ్రి ఏ కాలో లెక్కెట్టుకుని లేస్తాడేటి మాస్టారూ? మన జానపద ఆట తప్పెటగుళ్లు ఆడేవోళ్లని చూడండి. గుండె మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు. కాళ్లు చూసుకున్నోడికి దరువు తప్పుతాది.

సుద్దగీత: లెక్క నేను పెట్టింది కాదు. ఒంటికాలి కదలికకి నాట్యశాస్త్రం చారి అని పేరుపెట్టి నేలవి 16, ఆకాశానివి 16 చెప్పింది. తప్పెటగుళ్లలో మాత్రం అడుగు ఎవరిష్టం వాళ్లదా? గురువు ఏళ్లతరబడి వేయిస్తేనే కదా చూసుకోకుండా పడేది!

బొబ్బిలి వీణ: బరువున్న కాలు లేవదు, రెండోదే లేస్తుంది. లేచేటప్పుడే బరువు ప్రేక్షకుల వైపు కాలి మీద వేయమనండి, లోపలి కాలు దానంతటదే పడుతుంది. అసలు తప్పు లేవడంలో జరుగుతుంది. మడమలు మోకాళ్ల వెనక్కి లాక్కోకపోతే చేతులు కుర్చీకి ఆన్చాల్సొస్తుంది, నలభయ్యేళ్ల తండ్రి కాస్తా తాతైపోతాడు. లేచేముందు వీపు ఓ అంగుళం వెనక్కి ఆనాలి. రష్యాలో మేయర్‌హోల్డ్ అనే నాటక దర్శకుడు దీన్నే అత్కాజ్ అన్నాడు. ముందుకెళ్లేముందు కాస్త వెనక్కి. ఆఖరి వరసకి కూడా "లేస్తున్నాడు" అని తెలిసిపోతుంది.

పాలకొండ: దాచుకున్నా.

గజ్జెలు: ఇలా చెప్పేవోళ్లేరీ? ఇరవై రిహార్సళ్లలో పదిహేను, ఎక్కడ ఆగాలో స్టేజీ మీద గీసే సుద్దగీతలకే సరి. ఎందుకు లేస్తన్నాడో ఎవలూ చెప్పరు. నటుడంటే చదరంగం బంటా?

సుద్దగీత: రోజుకో చోట ఆగితే లైటు ఎక్కడ వెయ్యను బాబూ? ఎదుటి పాత్ర ఎక్కడ నిలబడాలి?

గజ్జెలు: అలా చెప్పండి! గొడవ కాలిది కాదు. మీకు నటుడి మీద నమ్మకం లేదు.

సుద్దగీత: లేదు. చప్పట్లు వినపడగానే రెండడుగులు ముందుకొచ్చేవాణ్ని ఎలా నమ్మను? ఆగే చోటు నాది. అక్కడికెలా వస్తాడో వాడిది.

గజ్జెలు: ఎప్పుడు బయల్దేరాలో?

సుద్దగీత: అదీ నాదే.

కొత్తవేషం: ఇవాళ అంగుళం వెనక్కి ఆనించి చూశాం. కుర్చీ కిర్రుమంది, మైకు పట్టేసింది. వేరే కుర్చీ వెతుకుతున్నాం. మాట సంగతి ఇంకా తేలలేదు.