టాస్కును తొలగించడమా, విడవడమా?

నల్లగొండలో డిప్లొమా పిల్లలకు రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ (పనులను సమయానికి జరిపించే వ్యవస్థ) పాఠం తెలుగులో చెబుతున్నాను. అందులో విడిగా నడిచే ఒక్కో పనీ ఒక టాస్కు. టాస్కును ‘సృష్టించు’ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కంతా డిలీట్ దగ్గరే. ‘తొలగించు’ అనగానే పిల్లలకు ఫైలు తొలగించడమే గుర్తుకొస్తోంది. ఫైలు చేతిలో ఏమీ ఉండదు, టాస్కు చేతిలో ఉంటుంది.

మొన్న ప్రయోగశాలలో సెన్సర్ టాస్కు మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క టాస్కే పట్టుకోగల తాళం) పట్టుకుని ఉండగానే ఇంకో టాస్కు దాన్ని తొలగించింది. అదే మ్యూటెక్స్ కోసం డిస్‌ప్లే టాస్కు కాచుకుని కూర్చుంది. తెర మీద ఉష్ణోగ్రత 31 దగ్గర ఆగింది, మళ్లీ కదల్లేదు. ఫ్రీఆర్‌టీఓఎస్ (ఇలాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్) తాను కేటాయించిన స్టాకును, అంటే టాస్కు పనికి ఇచ్చిన మెమరీని, వెనక్కి తీసుకుంటుంది గానీ, టాస్కు పట్టుకున్న మ్యూటెక్స్‌ను విడిపించదు. టాస్కు సొంతంగా అడిగి తీసుకున్న మెమరీ జోలికీ పోదు.

నా సూచన ‘విడుచు’. మా వైపు అరక కడతారు, అరక విడుస్తారు. సాలు మధ్యలో ఎవరూ విడవరు. సాలు చివరిదాకా తోలి, కాడి దించి, అప్పుడు ఎద్దులను నీళ్లకు వదులుతారు. టాస్కుకూ ఈ మర్యాదే కావాలి.

— (చదివినవారి మాట) ‘టాస్కును విడిచింది’ అంటే వదిలేసి పోయిందన్న అర్థం వస్తుంది కదండీ. ‘విడుపు’ను మ్యూటెక్స్‌కే ఉంచండి. పట్టు, విడుపు: జంట మాట మనకు ఉండనే ఉంది. టాస్కుకు ‘విరమణ’ సరిపోతుంది. వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక టాస్కు టాస్క్‌సేఫ్ ఫంక్షన్‌ను పిలిస్తే, అది టాస్క్‌అన్‌సేఫ్ పిలిచేదాకా దాన్ని తొలగించబోయిన టాస్కే ఆగి ఉంటుంది. మా పాలమూరులో దీన్ని ‘సాలు అయ్యేదాకా ఆగు’ అని చెబితే రైతు బిడ్డలకు ఇట్టే అర్థమవుతుంది.

— (నా జవాబు) మీ అభ్యంతరం న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. అయితే ‘తొలగించు’నూ పారేయలేం. మైక్రోసీ ఓఎస్-2 అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో రెండూ వేర్వేరు ఫంక్షన్లు: ఒకటి నేరుగా తొలగిస్తుంది, రెండోది తప్పుకోమని కోరుతుంది. కోరిక అందిన టాస్కు తన పట్టు విడిచి, తీసుకున్నవి అప్పగించి, తనంతట తాను తప్పుకుంటుంది. బలవంతంగా తీసేస్తే ‘తొలగింపు’, కోరగా తప్పుకుంటే ‘విరమణ’. రేపటి పాఠంలో ఇలాగే రాస్తాను.

ఇంకొకటి మిగిలింది. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో తనను తాను తొలగించుకున్న టాస్కు స్టాకును తర్వాత ఊడ్చి శుభ్రం చేసేది ఐడిల్ టాస్కు, అంటే వేరే ఏ పనీ లేనప్పుడు నడిచే టాస్కు. దానికి సమయం దొరక్కపోతే ఆ మెమరీ అలాగే పడి ఉంటుంది. ఇంత పని చేసేదాన్ని ‘ఖాళీ టాస్కు’ అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఏమందాం?