ఎసిటిక్ ఆమ్లానికి మిథైల్ ఆరెంజ్ ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న: 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 20 మి.లీ. తీసుకుని, అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే (కొద్దికొద్దిగా కలుపుతూ కొలిస్తే) మిథైల్ ఆరెంజ్ 6 మి.లీ.కే పసుపైపోయింది. తప్పెక్కడ?

జవాబు 1: ఇండికేటర్‌లోనే (రంగు మారి ముగింపు చూపే పదార్థం) అండీ. మిథైల్ ఆరెంజ్ పీహెచ్ 3.1–4.4 మధ్య రంగు మారుతుంది. ఆమ్లంలో 30 శాతం తటస్థం కాగానే 4.4 వచ్చేస్తుంది. మీ తుల్యతా బిందువేమో (ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయే చోటు) పీహెచ్ 8.7 దగ్గరుంది, అక్కడ మిగిలే ఎసిటేట్ అయాన్ క్షారగుణం చూపిస్తుంది కాబట్టి. ఫినాల్ఫ్తలీన్ వాడండి.

జవాబు 2: ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలే వేయండి. అదీ బలహీన ఆమ్లమే, ఎక్కువైతే కొంత క్షారాన్ని తినేస్తుంది. లేత గులాబీ 30 సెకన్లు నిలిస్తే ఆపేయాలి. తర్వాత వెలిసిందంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని, క్షారం ఇంకో చుక్క వేయకండి.

జవాబు 3: అమ్మోనియా–హైడ్రోక్లోరిక్ ఆమ్లం అయితే తుల్యత పీహెచ్ 5.3 దగ్గర, మిథైల్ రెడ్ చక్కగా సరిపోతుంది. ఎసిటిక్ ఆమ్లం–అమ్మోనియా రెండూ బలహీనమే కాబట్టి వాటికి పీహెచ్ మీటరే వాడండి.