ఐసు దిమ్మకి దినం చేస్తే సముద్రం గోడు జనానికి ఎక్కుతుందా?

గట్టుమీద:
అమలాపురంలో తెలిసిన కాలేజీ పిల్లలు కొందరు అంతర్వేది తీర్థంలో ఒకటి చేద్దామంటున్నారు. బోట్లకి ఐసు వేసే ఫ్యాక్టరీ నుంచి పెద్ద దిమ్మ తెచ్చి, దండ వేసి, "హిమానీనదం గారి దశదిన కర్మ" అని కార్డులు పంచుతారట. హిమానీనదం అంటే కొండల మీద పేరుకుని నదిలా మెల్లగా కిందికి జారే మంచు. వచ్చిన ప్రతివాళ్ళూ అరచెయ్యి ఆనించి దిమ్మని కరిగించాలి. మంచుని కరిగించి సముద్రాన్ని మీదికి తెచ్చుకుంటున్నది మనమేనని తెలియాలన్నది వాళ్ళ ఉద్దేశం. నాకు నచ్చింది, ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం మండిపడ్డారు. మీరేమంటారు?

లంకరైతు:
వద్దండి. 1996 నవంబరు తుపానులో మనుషులు పోయి, శవాలు కూడా దొరక్కుండానే కర్మలు చేసుకున్న ఇళ్ళున్నాయి ఈ తీరంలో. వాళ్ళ కళ్ళ ముందు ఐసుకి దినమా?

ఇంకో మాట. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి వాన నీటితో బతికే ఏరు, దీనికి మంచుకొండలతో పనే లేదు. ఎగువ డ్యాముల్లో ఒండ్రు ఆగిపోయి మన డెల్టాకి కొత్త మట్టి రావడం తగ్గింది, అందుకే నేల కుంగి ఒడ్డు కోసుకుపోతోంది. పొలాల నీళ్ళు సముద్రానికి పోయే శంకరగుప్తం డ్రెయిన్లోకి పోటు నీళ్ళు ఎక్కి కొబ్బరి చెట్లు మోడులైతే అడగాల్సింది పూడిక తియ్యనివాళ్ళని. మంచు పేరెత్తితే వాళ్ళు హాయిగా తప్పుకుంటారు.

రేవు అమ్మాయి:
రైతు గారూ, ఏరు వానదే, ఒప్పుకుంటాను, కానీ అది కలిసే సముద్రం అందరిదీ కదా. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, 2006 నుంచి 2018 దాకా చూస్తే ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున, అందులో నీరు వేడెక్కి ఉబ్బినదాని కన్నా నేల మీది మంచు కరిగి చేరినదే ఎక్కువ. కింద నేల దిగుతుంటే పైన నీరు లేస్తోంది. రెండు దెబ్బలూ మనకే.

కర్మ సంగతికొస్తే, ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం కదలలేనంత పలచబడింది, 2014లో ఇక అది హిమానీనదం కాదని తేల్చేశారు, 2019 ఆగస్టులో జనం కొండెక్కి అక్కడ ఒక ఫలకం పెట్టారు. ఏం జరుగుతోందో, ఏం చెయ్యాలో మాకు తెలుసు, చేశామో లేదో మీకే తెలుస్తుంది అని రాబోయేవాళ్ళకి రాసిన మాట దాని మీద ఉంది. మరుసటి నెలే స్విట్జర్లాండ్‌లో పిజోల్ అనే హిమానీనదం దగ్గరికి నల్లబట్టలేసుకుని వెళ్ళారు. 2025 మేలో నేపాల్‌లో యాలా అనే హిమానీనదానికి కూడా ఇలాగే సంతాపం జరిగింది. పోవడానికి కారణమైన మనిషే పరామర్శకి రావడం, వ్యంగ్యమంతా అందులోనే ఉంది. పోయినవాళ్ళని అది ఒక్క మాటా అనదు.

మనకిది కొత్తేం కాదండి. తోలుబొమ్మలాటలో యుద్ధం మధ్యలో కేతిగాడనే హాస్యగాడి బొమ్మ దూరి ఊరి సంగతులెత్తితే ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుంది.

లంకరైతు:
సరేనమ్మా. 2015లో పారిస్ వాతావరణ సదస్సప్పుడు ఒలఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు గ్రీన్‌లాండ్ నుంచి 12 మంచు దిమ్మలు తెప్పించి నగరం నడిబొడ్డున పెట్టించాడు. జనం తాకారు, కౌగిలించుకున్నారు, ఫొటోలు దిగారు. ఆ పనికి 30 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందని వాళ్ళే లెక్క చెప్పారు. తాకినవాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేశారు? అది చెప్పు.

రేవు అమ్మాయి:
తాకగానే మనిషి మారిపోతాడని నేనూ అనను. కానీ లెక్కలు ఇన్నేళ్ళుగా పేపర్లో వస్తూనే ఉన్నాయి, వాటికి మాత్రం ఎవరు కదిలారు?

బోటుమనిషి:
మాకు ఐసంటే డబ్బండి. అది కరిగితే చేప పాడవుతుంది. నిండు దిమ్మని ఎండలో పడేస్తే మావాళ్ళు తిట్టి పోతారు, మీరు చెప్పేది వినరు. దినం అన్న పేరు తీసేయండి, అందులో రైతు గారి మాటే రైటు. చిన్న ముక్క ఉంచండి చాలు. దాని చుట్టూ ఊరూరి బోరు నీళ్ళు సీసాల్లో పెట్టి, వాటి మధ్యలో సముద్రపు నీళ్ళ సీసా ఒకటి పెట్టేసి, నాలిక మీద చుక్క వేసుకుని ఏది సముద్రమో చెప్పమనండి. తేడా తెలియక తికమకపడే సీసాలు మా వైపు నుంచే వస్తాయి. పక్కనే డ్రెయిన్ పూడిక తియ్యమనే అర్జీ పెట్టి సంతకాలు తీసుకోండి.

గట్టుమీద:
పిల్లలకి చదివి వినిపించాను. సీసాలకి ఎగిరి గంతేశారు, దినం మాట మాత్రం తీసేది లేదని కొందరు మొండికేశారు. నీళ్ళు తేగలిగినవాళ్ళు ఊరి పేరు, బోరు లోతు ఇక్కడ రాయండి.

లంకరైతు:
సఖినేటిపల్లి నుంచి నేను తెస్తాను. కార్డు మీద కర్మ అని ఉంటే మాత్రం రాను.