అప్‌డేట్: తమ్ముడికి వంటల పుస్తకం కొన్నాను

విజయనగరంలో ఉద్యోగానికి చేరి గదిలో ఒక్కడే ఉంటున్న మా తమ్ముడికి సులువైన వంటల పుస్తకం చెప్పమని అడిగాను కదండీ. మీరన్నట్టే బొమ్మలు ఎక్కువ, దినుసులు తక్కువ ఉన్నది చూసి కొన్నాను. వాడికి తెగ నచ్చేసింది. గ్లాసు కందిపప్పుకి 3 గ్లాసుల నీళ్లు, ఇలా అన్నీ గ్లాసులు, చెంచాల లెక్కలోనే ఉన్నాయి. ‘తగినంత ఉప్పు’ అన్న మాట ఎక్కడా లేదు, దాంతోనే సగం టెన్షన్ పోయింది.

మన వైపు వంటలు లేకపోవడం ఒక్కటే లోటు. అరటికాయ ఆవపెట్టిన కూర అమ్మే ఫోన్‌లో చెప్పింది: ఆవముద్ద పొయ్యి కట్టేశాకే కలపాలి, ఉడికితే చేదెక్కుతుంది. వాడది పుస్తకం అట్టలోపల పెన్నుతో రాసుకున్నాడు. ఇక చోడి (రాగి) అంబలి నేర్చుకుంటాడట. పనసపొట్టు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దన్నాను.